ఖుర్ఆన్ తెలుగు అనువాద సమీక్షకు వెబ్‌లేట్: డాకర్‌తో సొంత సర్వర్‌పై పెట్టుకోవడం ఎట్లా

వాట్సాప్ గ్రూపులో పేజీ ఫోటోలు, చేతులు మారే ఎక్సెల్ షీట్లు: ఖుర్ఆన్ తెలుగు అనువాదాన్ని పదిమందితో చూపించాలంటే చాలామందికి మొదట తట్టేది ఇదే. ఏ ఆయతును (ఖుర్ఆన్ వాక్యాన్ని) ఎవరు మార్చారో, ఎవరు ఒప్పుకున్నారో కొన్నాళ్ళకే ఎవరికీ అంతుపట్టదు. దీనికి వెబ్‌లేట్ మంచి జవాబు. మిఖాల్ చిహార్ష్ అనే చెక్ డెవలపర్ 2012లో మొదలుపెట్టిన ఈ ఓపెన్‌సోర్స్ అప్లికేషన్ సాఫ్ట్‌వేర్ అనువాదాల కోసం పుట్టినా, ఆయతుకొక వరుస చొప్పున నడిచే పనికి బాగా సరిపోతుంది. ప్రతి మార్పూ గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే పద్ధతిలో) నమోదవుతుంది. మూల అరబీ పాఠాన్ని సమీక్షకుడు తాకలేడు.

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి చోట్ల జట్టు ఎట్లా ఉంటుందో ముందే ఊహించుకోండి. అరబీ, ఉర్దూ బాగా వచ్చిన ఆలింకు (మత పండితుడికి) తెలుగు టైపింగ్ రాకపోవచ్చు. చక్కటి తెలుగు రాసే టీచర్‌కు అరబీ రాకపోవచ్చు. ఎక్కువమంది ఫోన్‌లోనే పని చేస్తారు. కింది సెట్టింగులన్నీ ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

ఒక మాట: కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులో ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అండర్‌స్కోర్‌తో కలిసిన సెట్టింగుల పేర్లన్నీ క్యాపిటల్ అక్షరాల్లో ఉంటాయి, రివర్స్_ప్రాక్సీ, పీజీ_డంప్‌ఆల్ మాత్రం చిన్న అక్షరాల్లో.

సర్వర్ ఎక్కడ

వెబ్‌లేట్ తన డాక్యుమెంటేషన్‌లో అడిగేది 3 జీబీ ర్యామ్, 2 సీపీయూ కోర్లు. 4 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ ఉన్న వీపీఎస్ (అద్దెకు దొరికే సర్వర్), దానిపై ఉబుంటు 24.04 తీసుకుంటే 6,236 ఆయతుల పనికి ఇబ్బంది ఉండదు. దానికి 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) తప్పనిసరిగా కలపండి. డాకర్ నడిపే కంటైనర్ (ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే పెట్టె) ఎగ్జిట్ కోడ్ 137తో పడిపోతే మెమరీ చాలక కెర్నెల్ దాన్ని చంపిందేమో చూడాలి. ఎక్కువసార్లు కారణం అదే. ర్యామ్ 3 జీబీ దగ్గరే ఉంటే సెలరీ_సింగిల్_ప్రాసెస్ విలువను 1 చేయండి. నేపథ్య పనులు నెమ్మదిస్తాయి, సర్వర్ మాత్రం నిలబడుతుంది.

హన్మకొండలో ఆఫీసు గదిలో పాత కంప్యూటర్ ఉంది కదా, అందులోనే పెడదాం అనిపిస్తుంది. రెండు అడ్డంకులు ఉన్నాయి. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సీజీనాట్ వెనకాల ఉంటాయి, అంటే ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో ఇళ్ళవాళ్ళు పంచుకుంటారు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత సరిగ్గా పెట్టినా బయటివాళ్ళకు సైట్ తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ విడిగా కొనాలి, లేదా టన్నెల్ సేవ వాడాలి. రెండోది కరెంటు. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిచినా రౌటర్‌నూ, ఫైబర్ డబ్బానూ దానికే కలపడం మరిచిపోతారు. డేటాబేస్ రాస్తుండగా కరెంటు పోతే బాధ వేరు. ముంబయి లేదా హైదరాబాద్ డేటా సెంటర్‌లో చిన్న వీపీఎస్ తీసుకోవడమే మేలు.

డాకర్, కంపోజ్

ఉబుంటు సొంత రిపాజిటరీలోని ప్యాకేజీ కాకుండా డాకర్ వాళ్ళ ఏపీటీ రిపాజిటరీ చేర్చి డాకర్-సీఈ, డాకర్-సీఈ-సీఎల్‌ఐ, కంటైనర్‌డి.ఐఓ, డాకర్-కంపోజ్-ప్లగిన్ వేయండి. కొన్ని కంటైనర్లను కలిపి నడిపే ఇప్పటి కమాండ్ "డాకర్ కంపోజ్", మధ్యలో ఖాళీతో. హైఫన్‌తో ఉన్న పాత కమాండ్ చూపించే పాఠాలను పక్కన పెట్టండి. ఒక యూజర్‌ను డాకర్ గ్రూపులో చేరిస్తే అతనికి దాదాపు రూట్ అధికారం (సర్వర్‌పై పూర్తి అధికారం) ఇచ్చినట్టే. సర్వర్ చూసుకునే ఒకరిద్దరికి మించి ఇవ్వొద్దు.

డాకర్ లాగ్ ఫైళ్ళకు మామూలుగా హద్దు ఉండదు, అవి పెరిగి పెరిగి డిస్క్ నింపేస్తాయి. డెమన్.జేసన్ ఫైల్‌లో మ్యాక్స్-సైజ్ 10ఎం, మ్యాక్స్-ఫైల్ 3 అని రాసి డాకర్‌ను రీస్టార్ట్ చేయండి. ఈ మార్పు కొత్తగా తయారయ్యే కంటైనర్లకే వర్తిస్తుంది, అందుకే దీన్ని ఇప్పుడే ముగించాలి.

వెబ్‌లేట్ కంటైనర్లు

వెబ్‌లేట్ సంస్థ గిట్‌హబ్ ఖాతాలో డాకర్-కంపోజ్ అనే రిపాజిటరీ ఉంది. దాన్ని గిట్ క్లోన్ చేయండి. అందులో మూడు సర్వీసులు ఉంటాయి: వెబ్‌లేట్, డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్), క్యాష్. అసలు ఫైల్‌ను దిద్దకుండా డాకర్-కంపోజ్.ఓవర్‌రైడ్.వైఎంఎల్ పేరుతో పక్కన మీ ఫైల్ పెట్టుకోండి. రేపు గిట్ పుల్ చేసినప్పుడు గొడవ రాదు. వైఎంఎల్‌లో ట్యాబ్ పనికిరాదు, స్పేస్‌లే వాడాలి.

ఆ ఫైల్‌లో వెబ్‌లేట్ సర్వీస్ కింద పోర్ట్‌ను 127.0.0.1:8080:8080 అని రాయండి. ముందున్న 127.0.0.1ను వదిలేసి 8080:8080 అని మాత్రమే రాస్తే సైట్ గుప్తీకరణ లేకుండా లోకానికంతా తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్‌లో) ఆ పోర్ట్ మూసేశాం కదా అని ధీమా పడొద్దు. డాకర్ తాను ప్రచురించే పోర్ట్‌లకు ఐపీటేబుల్స్ నియమాలను సొంతంగా రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ వాటిని ఆపలేదు.

ఎన్విరాన్‌మెంట్ కింద రాయాల్సినవి:

వెబ్‌లేట్_సైట్_డొమైన్: డొమైన్ పేరు మాత్రమే. ముందు హెచ్‌టీటీపీఎస్, చివర స్లాష్ ఉండొద్దు.
వెబ్‌లేట్_ఎనేబుల్_హెచ్‌టీటీపీఎస్: 1
వెబ్‌లేట్_ఐపీ_ప్రాక్సీ_హెడర్: హెచ్‌టీటీపీ_ఎక్స్_ఫార్వర్డెడ్_ఫర్
వెబ్‌లేట్_టైమ్_జోన్: ఏషియా/కోల్‌కతా
వెబ్‌లేట్_రిజిస్ట్రేషన్_ఓపెన్: 0
వెబ్‌లేట్_రిక్వైర్_లాగిన్: 1
వెబ్‌లేట్_అడ్మిన్_ఈమెయిల్, ఇంకా మెయిల్ సర్వర్ వివరాలు.

ఐపీ ప్రాక్సీ హెడర్‌ను వదిలేస్తే సైట్ నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ అప్పుడు వెబ్‌లేట్‌కు అందరూ ఒకే ఐపీ నుంచి వచ్చినట్టు కనిపిస్తారు. ఎవరో ఒకరు పాస్‌వర్డ్ పదేపదే తప్పు కొడితే రేట్ లిమిట్ (ప్రయత్నాలకు పెట్టిన హద్దు) మొత్తం జట్టుకు పడుతుంది. శిక్షణ రోజున ఇరవై మంది ఒకేసారి లాగిన్ అవుతుంటే ఇది బయటపడుతుంది.

అడ్మిన్ పాస్‌వర్డ్‌ను ఫైల్‌లో రాయకపోతే మొదటి స్టార్టప్‌లో వెబ్‌లేట్ ఒకటి తయారుచేసి లాగ్‌లో చూపిస్తుంది. అదే మంచి పద్ధతి. వెబ్‌లేట్_అడ్మిన్_పాస్‌వర్డ్ రాసి ఉంచితే కంటైనర్ లేచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మళ్ళీ ఆ విలువకే మారుతుంది. వెబ్‌సైట్‌లో మార్చుకున్నది రీస్టార్ట్ తర్వాత పనిచేయకపోతే కారణం ఇదే.

డేటాబేస్ పాస్‌వర్డ్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ఆ విలువను వాల్యూమ్ (డేటా నిలిచి ఉండే చోటు) ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే చదువుతుంది. తర్వాత ఫైల్‌లో మారిస్తే వెబ్‌లేట్ కొత్త పాస్‌వర్డ్‌తో తలుపు తడుతుంది, డేటాబేస్ పాతదే అడుగుతుంది. కాబట్టి మొదటి స్టార్ట్‌కు ముందే బలమైనది పెట్టేయండి. ఏ పాస్‌వర్డ్‌లోనైనా డాలర్ గుర్తు ఉంటే కంపోజ్ దాన్ని వేరియబుల్ అనుకుంటుంది, రెండు డాలర్లు రాయాలి. అసలు డాలర్ లేని పాస్‌వర్డ్ పెట్టుకుంటే తలనొప్పే లేదు.

ఇప్పుడు "డాకర్ కంపోజ్ అప్ -డి". తర్వాత "డాకర్ కంపోజ్ లాగ్స్ -ఎఫ్ వెబ్‌లేట్" కొట్టి చూస్తూ ఉండండి. మొదటిసారి టేబుళ్ళు తయారు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. బ్రౌజర్‌లో సైట్ తెరుచుకునేది కింద చెప్పే కేడీ కూడా పెట్టాకే. ఈలోపు 502 లోపం కనిపిస్తే కంగారుపడి ఆపేయొద్దు. డొమైన్ తర్వాత /హెల్త్‌జడ్/ కొడితే ఓకే అని వస్తే లేచినట్టు.

ఆపడానికి "డాకర్ కంపోజ్ డౌన్". దాని పక్కన -వి తగిలిస్తే వాల్యూమ్‌లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. నెలల తరబడి చేసిన సమీక్షంతా ఆ ఒక్క అక్షరంతో పోతుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలను కాపీ చేసేటప్పుడు చివరిదాకా చదవండి.

హెచ్‌టీటీపీఎస్, మెయిల్

కంటైనర్ ముందు కేడీ అనే వెబ్ సర్వర్ పెడితే సర్టిఫికెట్ బాధ్యత అదే చూసుకుంటుంది. కేడీఫైల్‌లో డొమైన్ పేరు, బ్రాకెట్లలో రివర్స్_ప్రాక్సీ 127.0.0.1:8080 అని రాస్తే చాలు. డొమైన్ ఏ-రికార్డ్ సర్వర్ ఐపీకి మళ్ళిన తర్వాతే కేడీని స్టార్ట్ చేయండి. ముందే చేస్తే ధృవీకరణ విఫలమవుతుంది, పదేపదే ప్రయత్నిస్తే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు ఆపేస్తుంది. బయటికి 22, 80, 443 పోర్టులు తెరిచి ఉంటే సరిపోతుంది. లాగిన్ దగ్గర సీఎస్‌ఆర్‌ఎఫ్ లోపం వస్తే సైట్ డొమైన్, ఎనేబుల్ హెచ్‌టీటీపీఎస్ ఈ రెండింటినీ మళ్ళీ చూడండి.

మెయిల్ లేకుండా వెబ్‌లేట్ కుంటుతుంది, ఎందుకంటే ఆహ్వానాలు, పాస్‌వర్డ్ మార్పు అన్నీ మెయిల్ మీదే నడుస్తాయి. వెబ్‌లేట్ మామూలుగా పోర్ట్ 25 వాడుతుంది, దాన్ని చాలా క్లౌడ్ కంపెనీలు మూసి ఉంచుతాయి. వెబ్‌లేట్_ఈమెయిల్_పోర్ట్ 587, టీఎల్‌ఎస్ 1 అని పెట్టండి. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ మీదేనని నిరూపించేవి) లేకపోతే ఆహ్వానాలు స్పామ్‌లోకి పోతాయి. పరీక్షకు "డాకర్ కంపోజ్ ఎగ్జెక్ --యూజర్ వెబ్‌లేట్ వెబ్‌లేట్ వెబ్‌లేట్ సెండ్‌టెస్ట్‌ఈమెయిల్" తర్వాత మీ చిరునామా కొట్టండి. మూడుసార్లు వెబ్‌లేట్ అచ్చు తప్పు కాదు: యూజర్, సర్వీస్, ప్రోగ్రామ్. ఎస్‌ఎంఎస్ ఓటీపీ పెట్టమని అడిగేవాళ్ళుంటారు. మనదేశంలో దానికి డీఎల్‌టీ నమోదు (టెలికాం కంపెనీల దగ్గర చేసుకునేది) కావాలి, చిన్న జట్టుకు అంత శ్రమ దండగ.

మూల పాఠం: అసలు కష్టమంతా ఇక్కడే

సర్వర్ పని ఒక పూటలో తెమిలిపోతుంది. పాఠాన్ని సరిగ్గా ఎక్కించడానికే ఓపిక కావాలి. అరబీ మూలానికి ఖుర్ఆన్ యూనికోడ్ పాఠాన్ని అందించే టాంజిల్ ప్రాజెక్టు నుంచి ఉస్మానీ (సంప్రదాయ లిపి తీరు) పాఠం తీసుకోండి. దాన్ని యథాతథంగా వాడుకోవచ్చు, మార్చకూడదు, మూలం పేర్కొనాలి. అదే దాని షరతు. తెలుగు అనువాదం వేరే ప్రచురణ సంస్థదైతే లిఖిత అనుమతి తీసుకోండి. మన చట్టంలో కాపీరైట్ రచయిత మరణం తర్వాత కూడా 60 ఏళ్ళు ఉంటుంది.

టాంజిల్ టెక్స్ట్ ఫైల్‌లో ప్రతి సూరా మొదటి ఆయతు ముందు బిస్మిల్లా కలిసి ఉంటుంది. ఫాతిహాలో అదే మొదటి ఆయతు, తౌబాలో అసలు లేదు. మిగతా 112 సూరాల్లో తెలుగు వైపు బిస్మిల్లా ఉండదు కాబట్టి సమీక్షకులు "ఇక్కడ అనువాదం తప్పిపోయింది" అని 112 వ్యాఖ్యలు పెడతారు. ఎక్స్‌ఎంఎల్ ఫైల్ దింపుకుంటే బిస్మిల్లా విడి యాట్రిబ్యూట్‌గా వస్తుంది, పాఠాన్ని మీరు కత్తిరించాల్సిన పని లేదు.

యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు కోడ్‌లను ఒకే తీరుకు తేవడం) దగ్గర ఇంకా జాగ్రత్త. తెలుగుకు ఎన్‌ఎఫ్‌సీ అనే నార్మలైజేషన్ చేయడం మంచిది, ఎందుకంటే ఐత్వం ఒకే కోడ్‌గానూ ఉండొచ్చు, ఎత్వం పక్కన ఐ-పొడవు గుర్తుగానూ ఉండొచ్చు, వెతుకులాటలో రెండూ వేరు మాటలుగా లెక్కకొస్తాయి. అరబీకి మాత్రం చేయొద్దు. ఎన్‌ఎఫ్‌సీ షద్దా, ఫత్‌హా లాంటి గుర్తుల వరుసను మార్చేస్తుంది. కంటికి ఒకేలా కనిపించినా బైట్లు మారిపోతాయి, ఇక మూలంతో సరిపోల్చి చూసే దారి మూసుకుపోతుంది. పనంతా అయ్యాక ఫైళ్ళ నుంచి అరబీ వరుసలను వెనక్కి తీసి ఎస్‌హెచ్‌ఏ-256 (పాఠానికి వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టి టాంజిల్ పాఠంతో పోల్చండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ముందుకు పోవద్దు.

తెలుగు పాఠం డీటీపీ సెంటర్ నుంచి వస్తే అది అను ఫాంట్లలో ఉండే అవకాశం ఎక్కువ. అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌తో మార్చిన తర్వాత ఒత్తులు, ముఖ్యంగా ర-వత్తు, ఒకదానిమీద ఒకటి పడ్డ జంట ఒత్తులు కళ్ళతో చూడాల్సిందే. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు నిలబెట్టే జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు మార్పిడిలో ఎగిరిపోతే అరబీ పేర్లన్నీ వికృతంగా కలిసిపోతాయి.

ఫైల్ రూపం పీఓ ఎంచుకోండి. ఎంఎస్‌జీఐడీలో అరబీ, ఎంఎస్‌జీఎస్‌టీఆర్‌లో తెలుగు, ఎంఎస్‌జీసీటీఎక్స్‌టీలో ఆయతు సంఖ్య. మూడోది అనవసరం అనిపించొచ్చు, కానీ అదే ప్రాణం. సూరా రహ్మాన్‌లో 13వ ఆయతు నుంచి ఒకే వాక్యం 31 సార్లు వస్తుంది. ముర్సలాత్‌లో మరో వాక్యం 10 సార్లు. సందర్భ సంఖ్య లేకపోతే పీఓ వాటిని నకళ్ళుగా చూసి లోపం చూపిస్తుంది. సంఖ్యను 002_282 రూపంలో రాయండి. మధ్యలో కోలన్ పెడితే ఎవరో ఎక్సెల్‌లో తెరిచిన మరుక్షణం అది గడియారం సమయంగా మారుతుంది, హైఫన్ పెడితే తేదీ అయి కూర్చుంటుంది.

పారాలు, సరిహద్దులు

114 సూరాలకు 114 కాంపోనెంట్లు (వెబ్‌లేట్‌లో పని విభాగాలు) చేస్తే 3 ఆయతుల కౌసర్, 286 ఆయతుల బఖరా ఒకే వరుసలో కూర్చుంటాయి, పని పంచడం కష్టం. ఖుర్ఆన్‌లోని 30 పారాలకు (భాగాలకు) 30 కాంపోనెంట్లు చేయడం నయం. ఫోల్డర్లు పారా-01/తె.పీఓ తీరులో ఉంటే (ఫైల్ పేరు తెలుగు భాషా కోడ్ రెండక్షరాలే), మొదటి కాంపోనెంట్ చేత్తో చేసి, మిగతా 29 కాంపోనెంట్ డిస్కవరీ యాడ్-ఆన్‌కు అప్పగించొచ్చు. అన్నీ ఒకే గిట్ రిపాజిటరీ పంచుకుంటాయి.

మన ఊళ్ళలో చదివే ముస్హఫ్‌లో (ఖుర్ఆన్ ప్రతిలో) పారా మొదలయ్యే చోటుకూ, టాంజిల్ మెటాడేటాలోని మదీనా ముస్హఫ్ విభజనకూ కొన్నిచోట్ల తేడా ఉంది. 23వ పారా "వమాలియ" మన దగ్గర 36వ సూరా 22వ ఆయతుతో మొదలవుతుంది, మెటాడేటాలో 28తో. 20వ పారా "అమ్మన్ ఖలఖ" 27వ సూరా 60వ ఆయతు, అక్కడ 56. 14వ పారా "రుబమా" 15వ సూరా 2వ ఆయతు, అక్కడ 1. 7వ పారాలోనూ ఒక ఆయతు తేడా ఉంది. మెటాడేటాను గుడ్డిగా నమ్మి ఫైళ్ళు విడగొడితే హాఫిజ్ (ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు) తెరిచీ తెరవగానే "ఆయతులు తప్పాయి" అంటారు, నమ్మకం అక్కడే పోతుంది. స్థానిక ముస్హఫ్ చేత పట్టుకుని 30 ప్రారంభాలూ సరిచూడండి. ఆయతుల సంఖ్య రెండింటిలో ఒకటే, మారేది పారా గీత మాత్రమే. లిపి తీరు కూడా కొంత వేరుగా కనిపిస్తుందని మొదటి రోజే చెప్పాలి.

కాంపోనెంట్ చేసేటప్పుడు మూల భాష అరబీ అని తప్పకుండా మార్చండి. అది ఇంగ్లీషుగా ఉండిపోతే అరబీ ఎడమ నుంచి కుడికి అమరి, విరామ గుర్తులు అస్తవ్యస్తమవుతాయి. ఉస్మానీ గుర్తులు ఫోన్‌లో డబ్బాలుగా కనిపిస్తే అడ్మిన్ భాగంలోని అప్పియరెన్స్ పేజీలో సీఎస్‌ఎస్ ద్వారా అమీరీ ఖుర్ఆన్ లాంటి ఫాంట్ కలపొచ్చు. ఫాంట్ వేరే డొమైన్‌లో ఉంటే వెబ్‌లేట్_సీఎస్‌పీ_ఫాంట్_ఎస్‌ఆర్‌సీలో ఆ డొమైన్ రాయాలి, లేకపోతే బ్రౌజర్ దాన్ని లోపలికి రానివ్వదు.

ఉస్మానీ ఆయతు చివర ఫుల్‌స్టాప్ ఉండదు, తెలుగు వాక్యం చివర ఉంటుంది. దాంతో వేలకొద్దీ ఎర్ర హెచ్చరికలు పుడతాయి. ట్రాన్స్‌లేషన్ ఫ్లాగ్స్‌లో ఇగ్నోర్-ఎండ్-స్టాప్, అలాగే ప్రశ్న, ఆశ్చర్యం, కోలన్‌లకు చెందిన ఇగ్నోర్ ఫ్లాగులు కలపండి.   అనువాదం మూలం పొడవుకు 10 రెట్లు మించకూడదన్న పరిమితి కూడా మామూలుగా ఆన్‌లో ఉంటుంది. చిన్న ఆయతు కింద పెద్ద వివరణ రాయబోతే అడ్డుపడుతుంది. పరిమితిని తీసేయడం కంటే వివరణలను వ్యాఖ్యల్లోకి పంపడమే సబబు.

ఎవరికి ఏ అధికారం

ప్రాజెక్టును ప్రైవేట్‌గా పెట్టి, వర్క్‌ఫ్లో ట్యాబ్‌లో ఎనేబుల్ రివ్యూస్ టిక్ చేయండి. ఇది చేయకపోతే రివ్యూ టీమ్ జాబితాలోనే కనిపించదు. ఆ తర్వాత ఆలింలను రివ్యూ టీమ్‌లో, అనువాద బాధ్యులను ట్రాన్స్‌లేట్ టీమ్‌లో చేర్చండి. మిగతా పాఠకులకు సూచన ఇవ్వడం, ఓటు వేయడం, వ్యాఖ్య రాయడం ఈ మూడు అనుమతులతో కొత్త రోల్ తయారుచేయండి. ఆమోదం పొందిన ఆయతును రివ్యూ టీమ్ తప్ప ఎవరూ మార్చలేరు.

సూచనలకు ఓట్లు ఆన్ చేయండి, కానీ ఆటో-యాక్సెప్ట్ విలువ 0 ఉంచండి. సాఫ్ట్‌వేర్ మెనూ అనువాదంలో ముగ్గురు ఓటేస్తే ఒప్పుకోవచ్చు. ఇక్కడ ఓటు పని ఆలిం ముందు ఏది తొందరగా చూడాలో చూపించడం వరకే.   తెలుగు టైపింగ్ రాని ఆలిం వ్యాఖ్యను ఉర్దూలో రాయొచ్చు, పక్కన కూర్చున్న తెలుగు మాస్టారు దాన్ని సూచనగా మారుస్తారు. ఇద్దరిద్దరి జంటలుగా పారాలు పంచితే పని సాఫీగా సాగుతుంది.

ప్రాజెక్టుతో పాటే గ్లాసరీ వస్తుంది. తఖ్వా, జకాత్, రసూల్ లాంటి యాభై అరవై పదాలకు ఏం రాయాలో మొదటి వారమే అందులో నింపండి. యంత్రానువాద సేవలు జోడించొద్దు.

బ్యాకప్, అప్‌గ్రేడ్

వెబ్‌లేట్‌లో బోర్గ్ బ్యాకప్ ఉంది, మేనేజ్ భాగంలో వేరే సర్వర్ చిరునామా ఇస్తే రోజూ పంపుతుంది. బ్యాకప్ గుప్తీకరించి ఉంటుంది కాబట్టి తెరపై చూపించే పాస్‌ఫ్రేజ్‌నూ, ఎస్‌ఎస్‌హెచ్ కీనూ సర్వర్ బయట భద్రపరచండి. సర్వరే పోతే అందులోని తాళంచెవి కూడా పోతుంది. దీంతోపాటు "డాకర్ కంపోజ్ ఎగ్జెక్ -టి డేటాబేస్ పీజీ_డంప్‌ఆల్ --క్లీన్ --ఇఫ్-ఎగ్జిస్ట్స్ --యూజర్‌నేమ్ వెబ్‌లేట్" ఫలితాన్ని ఫైల్‌లోకి పంపే క్రాన్ (సమయానికి తానే నడిచే పని) పెట్టండి. వేరే మెషీన్‌పై ఒకసారి తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

అప్‌గ్రేడ్‌కు బ్యాకప్, ఆపై కంపోజ్ పుల్, డౌన్, అప్ -డి. రంజాన్ నెలలో దీని జోలికి పోవద్దు. సమీక్షకులు ఎక్కువ సమయం ఇచ్చేది అప్పుడే. గిట్ పుల్ చేసినప్పుడు కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ ప్రధాన వెర్షన్ మారిందేమో ప్రతిసారీ చూడండి. మారి ఉంటే పాత డేటాను కొత్త సర్వర్ చదవదు, "డేటాబేస్ ఫైల్స్ ఆర్ ఇన్‌కంపాటిబుల్ విత్ సర్వర్" అని ఆగిపోతుంది. అప్పుడు కంపోజ్ ఫైల్‌లో పాత వెర్షన్ సంఖ్యను తిరిగి పెట్టి డేటాబేస్‌ను లేపండి, డంప్ తీయండి, వెబ్‌లేట్‌ను ఆపండి, డేటాబేస్ వాల్యూమ్ ఒక్కదాన్నే తొలగించండి, కొత్త వెర్షన్‌తో డేటాబేస్ కంటైనర్‌ను మాత్రమే లేపి డంప్ ఎక్కించండి. ఆ తర్వాతే వెబ్‌లేట్. డంప్ ఎక్కాక పాస్‌వర్డ్ సరిపోలలేదని లోపం వస్తే డేటాబేస్ కంటైనర్‌లో పీఎస్‌క్యూఎల్ తెరిచి వెబ్‌లేట్ యూజర్ పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నదానికే మళ్ళీ సెట్ చేయండి.